టీవీ డిబేట్ ఎటు మొగ్గిందో ఇంట్లో కూర్చుని లెక్క తేల్చడం ఎలా

"ఆ ఛానెల్ ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఇంక కొలిచేదేముంది?" ఈ పని మొదలుపెట్టగానే ఎవరో ఒకరు అనే మాట ఇది. నిజమే, తెలుగు రాష్ట్రాల్లో ఏ ఛానెల్ వెనక ఏ పార్టీ ఉందో టీ కొట్టు దగ్గర కూడా చెప్పేస్తారు. కానీ ఓనరు ఎవరో తెలిసినంత మాత్రాన నిన్న రాత్రి చర్చలో ఏం జరిగిందో తెలిసినట్టు కాదు. "మావాణ్ణి మాట్లాడనివ్వలేదు" అని నిలదీస్తే ఛానెల్ వాళ్ళు నిమిషాల లెక్క తీసి, ఇద్దరికీ తొమ్మిదేసి నిమిషాలు ఇచ్చామంటారు. చాలాసార్లు ఆ లెక్కలో తప్పు కూడా ఉండదు. ఆ తొమ్మిది నిమిషాలు ఎన్ని ముక్కలుగా దక్కాయి, ఏ ప్రశ్నకు జవాబుగా దక్కాయి, పక్క కుర్చీలో కూర్చున్న "విశ్లేషకుడు" ఎవరు అన్నచోట మొగ్గు దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక నోటుబుక్కు, ఒక ఫోను, కాస్త ఓపిక చాలు.

ఎపిసోడ్లు ఎంచుకోవడం

మీకు ఒళ్ళు మండించిన ఎపిసోడ్‌తో మొదలుపెట్టకండి. వాట్సాప్‌లో వచ్చిన రెండు నిమిషాల ముక్కతో అసలే వద్దు. ఆ ముక్కను కోసినవాడు ముందే ఒక నిర్ణయానికి వచ్చి కోశాడు, మీరు కొలిచేది వాడి కత్తెరను అవుతుంది.

ఒక ఛానెల్, ఒక కార్యక్రమం, వీలైతే ఒకే యాంకర్. పది ఎపిసోడ్లు తీసుకోండి. పదీ ఒకే రెండు వారాలవి అయితే ఒక అరెస్టో, ఒక అసెంబ్లీ సమావేశమో మొత్తాన్ని మింగేస్తుంది. అందుకని మొదటి వారం సోమవారం, రెండో వారం మంగళవారం, మూడో వారం బుధవారం, ఇలా మెట్లెక్కినట్టు తీసుకుంటే ఐదు వారాలకు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక చుట్టు పూర్తవుతుంది. ఇంకో చుట్టు వేస్తే పది. ఇప్పటికే యూట్యూబ్‌లో ఉన్న పాతవాటిలోంచి తీసుకుంటే పది వారాలు ఆగక్కర్లేదు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక జరిగిన చర్చల్ని మాత్రం మామూలు రోజులతో కలపకండి, వాటి లెక్క వేరే పెట్టుకోండి.

ఎంచుకున్న వీడియో పూర్తిదేనా అని ముందు చూసుకోవాలి. నమస్కారం దగ్గర మొదలై వీడ్కోలు దాకా ఉందా? బ్రేక్ దగ్గర మాట మధ్యలో తెగిందా? లైవ్‌గా వచ్చినదానికీ, తర్వాత ఎడిట్ చేసి పెట్టినదానికీ నిడివిలో తేడా ఉంటుంది. రెండూ దొరికితే లైవ్‌దే తీసుకోండి. దొరక్కపోతే "ఎడిట్ చేసిన ప్రతి" అని పేజీ పైన రాసుకోండి.

పట్టిక గీయడం

ఎక్సెల్ అలవాటుంటే అందులో, లేదంటే పొడుగు నోటుబుక్కులో ఏడు గళ్ళు: మొదలైన సమయం, ముగిసిన సమయం, మాట్లాడినవారు, ఏ పక్షం, వంతు ఎలా వచ్చింది (యాంకర్ పిలిచారా, తనంతట దూరారా), ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు. యాంకర్ అడిగిన ప్రశ్నల్ని వేరే పేజీలో మాటకు మాట రాసుకోండి, దాని సంగతి తర్వాత.

సమయాన్ని వీడియో కింద కనబడే గడియారం నుంచే తీసుకోండి. స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. విసుగొచ్చి వీడియో వేగాన్ని ఒకటిన్నరకు పెంచుతారు, స్టాప్‌వాచ్ మాత్రం మామూలుగానే తిరుగుతుంది, ఆ సగం ఎపిసోడ్ లెక్కంతా పాడవుతుంది. వీడియో గడియారంతో ఆ బాధ లేదు, ఏ వేగంలో చూసినా అది అసలు సమయమే చూపిస్తుంది. కంప్యూటర్‌లో యూట్యూబ్ చూస్తుంటే కీబోర్డు మీద జె నొక్కితే పది సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే పది సెకన్లు ముందుకి, కె నొక్కితే ఆగుతుంది. ఈ మూడు మీటలే మీ పనిముట్లు. ఆటోమేటిక్ క్యాప్షన్ల మీద ఆధారపడకండి. ఇద్దరు ఒకేసారి అరిచినచోట అవి చేతులెత్తేస్తాయి, మీకు కావలసింది సరిగ్గా ఆ చోటే.

వంతు అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. ఒకరు మొదలుపెట్టి, ఇంకొకరు అందుకునేదాకా మాట్లాడినంత ఒక వంతు. "అవునండీ", "కాదు కాదు" లాంటి మూడు సెకన్ల లోపు మాటల్ని వంతుగా లెక్కపెట్టొద్దు. ఇద్దరో ముగ్గురో మూడు సెకన్లకు మించి ఒకేసారి మాట్లాడుతూ ఎవరి మాటా అర్థం కాకపోతే ఆ సమయాన్ని ఎవరి ఖాతాలోనూ వేయకుండా "గోల" అని విడిగా రాయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, గోలను గొంతు పెద్దగా ఉన్నవాడి ఖాతాలో వేసేయడం వల్లే ఇంటి లెక్కలు చాలా వరకు చెడతాయి.

గంట చర్చకు మొదటిసారి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఒకే రోజు రెండు చేయకండి. రెండోదాంట్లో చెవి అలసిపోయి, నచ్చనివాడి ప్రతి మాటా అడ్డుకోవడంలాగే వినిపిస్తుంది.

"విశ్లేషకుడు" ఎవరి మనిషి

తెలుగు డిబేట్లలో అసలు కిటుకంతా పేరు కింద రాసే ఆ ఒక్క మాటలో ఉంటుంది. రాజకీయ విశ్లేషకులు, సీనియర్ జర్నలిస్టు, సామాజికవేత్త, హైకోర్టు న్యాయవాది, రైతు సంఘం నాయకులు. వీళ్ళలో నిజంగా ఎవరి వైపూ లేనివాళ్ళు ఉన్నారు. నిరుడు పార్టీ టికెట్ అడిగినవాళ్ళూ ఉన్నారు.

పట్టికలో పక్షం గడిని రెండుగా చీల్చండి. ఎడమవైపు తెర మీద రాసింది ఉన్నదున్నట్టు. కుడివైపు మీ లెక్కలో ఏ పక్షం. ఈ కుడి గడి నింపడానికి ఒక నియమం ఉండాలి, లేకపోతే నచ్చని ప్రతివాడూ ఎదుటి పార్టీ వాడైపోతాడు. నియమం ఇలా పెట్టుకోండి: ఆ మనిషి ఏదైనా పార్టీలో పదవిలో ఉన్నా, ఆ పార్టీ తరఫున పోటీ చేసి ఉన్నా, ఆ ప్రభుత్వం ఇచ్చిన నామినేటెడ్ పదవిలో ఉన్నా పార్టీ ఖాతాలో వేయండి. ఇవేవీ లేకపోతే ఆ ఎపిసోడ్‌లో ఆయన మాట్లాడిన వంతుల్ని చూడండి. వాటిలో 75 శాతం ఒకే పక్షాన్ని సమర్థించడమో, ఎదుటి పక్షాన్ని తిట్టడమో అయితే ఆ పక్షానికి. లేదంటే తటస్థం. "ఆయన సంగతి నాకు తెలుసులే" అన్నది నియమం కాదు.

కుర్చీల లెక్కలో ఇంకో ఉచ్చు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్ నుంచి తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి ప్రభుత్వంలో ఉన్నాయి. ఈ మూడింటి నుంచి ఒక్కొక్కరినీ, వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ఒకరినీ పిలిచి "నాలుగు పార్టీలకూ చోటిచ్చాం" అంటే వినడానికి బాగానే ఉంటుంది, చర్చలో మాత్రం మూడు గొంతులకు ఒక గొంతు. తెలంగాణలో దీనికి భిన్నం. కాంగ్రెస్, బీఆర్ఎస్, బీజేపీ మూడూ ఒకదానికొకటి పడనివి, అక్కడ రెండు పక్షాల పట్టిక పనికిరాదు, మూడు గీయాలి. ఆంధ్రా పట్టికను తెలంగాణ చర్చకు వాడి, బీఆర్ఎస్‌నూ బీజేపీనీ "ప్రతిపక్షం" అని ఒకే ఖాతాలో కలిపితే వచ్చే అంకెకు అర్థం ఉండదు.

కుర్చీ ఖాళీగా ఉంటే వెంటనే ఛానెల్‌ను అనకండి. పార్టీలు ఛానెళ్ళను బహిష్కరించడం రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నదే. పిలిచామనీ రాలేదనీ యాంకర్ చెప్పారా లేదా అన్నది రాసుకోండి. చెప్పకుండా ఆ కుర్చీలో "విశ్లేషకుణ్ణి" కూర్చోబెట్టి ఉంటే అదీ రాయండి.

ఒక ఎపిసోడ్ లెక్క దగ్గర నుంచి

అంకెలు ఎలా పలుకుతాయో చూడటానికి ఒక ఊహా ఎపిసోడ్ వేసుకుందాం. ప్రకటనలు పోగా 46 నిమిషాలు, అంటే 2,760 సెకన్లు. యాంకర్ 850, అధికార పక్ష ప్రతినిధి 545, ప్రతిపక్ష ప్రతినిధి 565, మొదటి విశ్లేషకుడు 480, రెండో విశ్లేషకుడు 240, గోల 80.

ఛానెల్ చూపించే లెక్క ప్రతినిధులిద్దరిదే: 545కు 565. ప్రతిపక్షానికే ఇరవై సెకన్లు ఎక్కువ! ఇప్పుడు పై నియమం ప్రకారం మొదటి విశ్లేషకుడు అధికార పక్షం ఖాతాలో పడ్డాడనీ, రెండోవాడు తటస్థమనీ అనుకోండి. 545కు 480 కలిపితే 1,025. అటు 565. పక్షాలకు దక్కిన సమయంలో అధికార పక్షం వాటా 64 శాతం దాటింది.

ఇక్కడితో ఆగకండి, అసలు తేడా ఇంకా కిందికి ఉంది. అధికార ప్రతినిధి తన 545 సెకన్లను 11 వంతుల్లో మాట్లాడాడు, సగటున ఒక్కో వంతు దాదాపు 50 సెకన్లు. ప్రతిపక్ష ప్రతినిధి 565 సెకన్లు 29 వంతులుగా చితికిపోయాయి, సగటున 19 సెకన్లు. 50 సెకన్లలో ఒక అంకె చెప్పి, అది ఎక్కడిదో చెప్పి, దానివల్ల ఏం జరిగిందో చెప్పొచ్చు. 19 సెకన్లలో "అది అబద్ధం అండీ, మీరు నన్ను చెప్పనివ్వండి" అనడానికే సరిపోతుంది. చూసేవాళ్ళకు మొదటివాడు తెలిసినవాడిలా, రెండోవాడు గొడవ చేసేవాడిలా కనబడతాడు. నిమిషాలు మాత్రం సమానం.

యాంకర్ వాటా కూడా చూడండి. పైన 850 అంటే మొత్తంలో దాదాపు 31 శాతం. 33 శాతం దాటితే ఆ యాంకర్‌ను కూడా ప్యానలిస్టుగా లెక్కపెట్టాలన్నది మా అభిప్రాయం.

అడ్డుకోవడాన్ని లెక్కపెట్టడం

ప్రతి అడ్డూ పక్షపాతం కాదు. సమయం అయిపోయి ఆపడం ఒకటి, అర్థం కాక వివరం అడగడం ఒకటి, మాటను ఖండిస్తూ ఆపడం ఒకటి. "స", "వి", "ఖ" అని ఒక్కో అక్షరం వేసుకోండి. "విషయానికి రండి" అన్నదాన్ని ఎందులో వేయాలో తికమక పడతారు. ఆ మనిషి నిజంగా విషయం తప్పి మాట్లాడుతుంటే "స", అడిగినదానికే జవాబిస్తుంటే "ఖ".

పై ఉదాహరణలో ప్రతిపక్ష ప్రతినిధిని యాంకర్ 11 సార్లు ఆపితే అందులో 4 సమయానివి, 7 ఖండనలు. అధికార ప్రతినిధిని 3 సార్లు, అందులో 2 సమయానివి, 1 ఖండన. ఉత్త 11కు 3 అని చెప్పకండి. ఎక్కువసేపు మాట్లాడినవాణ్ణి ఎక్కువసార్లు ఆపడం సహజం, కాబట్టి పది నిమిషాల మాటకు ఎన్ని ఖండనలు అన్నది తీయాలి. ప్రతిపక్షానికి 7.4, అధికార పక్షానికి 1.1. చెప్పాల్సిన అంకె ఇది.

వీడియో కాల్‌లో వచ్చేవాళ్ళ దగ్గర జాగ్రత్త. స్టూడియోలో మాట అయ్యాక అది వాళ్ళ చెవిన పడటానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. అందుకని వాళ్ళు అందుకునేసరికి ఇంకెవరో మొదలుపెట్టేస్తారు, రెండు గొంతులూ కలిసి గోల అవుతుంది. ఒక ఎపిసోడ్‌లో ఇలా జరిగితే అది నెట్ మహిమ. పదింటిలోనూ ఒకే పార్టీవాళ్ళు కాల్‌లో, ఇంకో పార్టీవాళ్ళు స్టూడియో సోఫాలో ఉంటే రాసుకోవాల్సిన సంగతే.

బ్రేక్ వేసిన క్షణం మీద ఒక కన్నేయండి. చాలామంది వదిలేసేది ఇదే. బ్రేక్‌కు ముందు చివరి మాట ఎవరిది, అందులో ఎవరి మీదైనా ఆరోపణ ఉందా, తిరిగొచ్చాక ఆరోపణ పడినవాళ్ళకు ముందు మాట ఇచ్చారా లేక "సరే, ఇంకో అంశానికి వెళదాం" అన్నారా? గంట చర్చలో బ్రేకులు మూడో నాలుగో ఉంటాయి, పది ఎపిసోడ్లకు ముప్పై నలభై. జవాబు లేకుండా మిగిలిన ఆరోపణలు ఎటువైపు ఎన్ని అన్న ఈ ఒక్క లెక్క కొన్నిసార్లు మిగతా పట్టికంతటికన్నా ఎక్కువ చెబుతుంది.

ప్రశ్నను తిరగేసి చదవడం

విడిగా రాసుకున్న ప్రశ్నల పేజీ తీయండి. ప్రతి ప్రశ్న పక్కన మూడింటిలో ఒకటి వేయండి: తెరిచిన ప్రశ్న ("దీని మీద మీ పార్టీ వైఖరి ఏమిటి?"), నిలదీసే ప్రశ్న ("మాట తప్పింది మీరే కదా?"), అందించే ప్రశ్న ("మీరు చేసిన మంచి జనంలోకి వెళ్ళడం లేదంటారా?"). ఈ అందించే ప్రశ్న చూడటానికి నిలదీసినట్టే ఉంటుంది, గొంతు కూడా పెంచి అడుగుతారు. జవాబు చెప్పేవాడి మొహం వెలిగిందా, బిగుసుకుందా అన్నది చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత పార్టీల్ని తారుమారు చేసి చదవండి. కరెంటు ఛార్జీల మీద చర్చ అనుకుందాం. అధికార పక్షాన్ని "గత ప్రభుత్వ నిర్ణయాల వల్లే భారం పడిందని మీరంటున్నారు, కాస్త వివరంగా చెప్పండి" అని అడిగి, ప్రతిపక్షాన్ని "మీరు చేసిన అప్పులకు జనం ఎందుకు కట్టాలి?" అని అడిగారు. తిరగేయండి. ప్రతిపక్షాన్ని "ఇప్పటి ప్రభుత్వ నిర్ణయం వల్లే భారం పడిందని మీరంటున్నారు, వివరంగా చెప్పండి" అని, అధికార పక్షాన్ని "మీరు పెంచిన ఛార్జీలు జనం ఎందుకు కట్టాలి?" అని. ఆ యాంకర్ నోట ఈ రెండో జత పది ఎపిసోడ్లలో ఎక్కడైనా వినబడిందా అని వెతకండి. వినబడితే ఆ రాత్రి సంగతి వేరు, మనిషి మీద తీర్పు వేరు. ఎక్కడా లేకపోతే ఆ జతను మీ నివేదికలో ఉన్నదున్నట్టు పెట్టండి.

రెండో ప్రశ్న వేశారా లేదా అన్నది కూడా గుర్తించాలి. ఇద్దరినీ ఒకేలా అడిగి, ఒకరు దాటవేస్తే "నేనడిగింది అది కాదు" అని పట్టుకుని, ఇంకొకరు దాటవేస్తే "సరే, థాంక్యూ" అనడం బాగా నలిగిన దారి.

తప్పు చెప్పినవాణ్ణి యాంకర్ అక్కడికక్కడే దిద్దడాన్ని లెక్కపెడితే హారం మరిచిపోకండి. 2024 సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో ట్రంప్, కమలా హారిస్‌ల డిబేట్ తర్వాత, దాన్ని నడిపిన ఏబీసీ ఛానెల్ యాంకర్లు ఒకరినే ఎక్కువ దిద్దారని అమెరికాలో పెద్ద రగడ జరిగింది. ఉదాహరణకు ఒకరిని నాలుగుసార్లు, ఇంకొకరిని ఒక్కసారి దిద్దడం దానంతటదే పక్షపాతం కాదు. ఎవరు ఎన్ని తప్పులు చెప్పారు, అందులో ఎన్ని దిద్దారు అన్నది తీస్తేనే పోలిక. ఒకరు ఎనిమిది చెబితే నాలుగు, ఇంకొకరు రెండు చెబితే ఒకటి దిద్దారంటే ఇద్దరికీ సగమే.

తెర మీద రాతలు, "గారు" లెక్క

ఐదు నిమిషాలకొక స్క్రీన్‌షాట్ తీయండి, గంటకు పన్నెండు. కింది పట్టీలో ఏముంది, వెనక తిప్పితిప్పి వేస్తున్న విజువల్స్ ఎవరివి, ఎవరి కిటికీ పెద్దది. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌నూ విడిగా తీసి పెట్టుకోండి. చర్చ చూసేవాళ్ళకన్నా థంబ్‌నెయిల్ చూసి పక్కకు జరిపేవాళ్ళే ఎక్కువ. "దోచుకున్నారా?" అని చివర ప్రశ్నార్థకం తగిలించడం ఇక్కడి పాత చిట్కా. ఆ ప్రశ్నకు చర్చలో ఎవరైనా జవాబు చెప్పారా అని చూడండి.

తెలుగులో మొగ్గును పట్టిచ్చేది క్రియ. అన్నారు, చెప్పారు, తెలిపారు అన్నవి ఎటూ లేనివి. వెల్లడించారు, బయటపెట్టారు అంటే చెప్పింది నిజమేనని రాసినవాడు ఒప్పుకున్నట్టే. అదే మాటకు ఆరోపించారు అంటే ఇంకా రుజువు కాలేదని. బుకాయించారు, దాటవేశారు, మాట మార్చారు అంటే తీర్పు చెప్పేసినట్టే. కొత్తవాళ్ళు పొరబడేది కోపం మాటల దగ్గర. "ధ్వజమెత్తారు", "నిప్పులు చెరిగారు" అన్నవి తిట్టులా వినిపిస్తాయి గానీ అవి పొగడ్తలు, వీరుడికి వాడే మాటలు. అదే ఉపన్యాసానికి అటువైపు ఛానెల్ "అక్కసు వెళ్లగక్కారు", "నోరు పారేసుకున్నారు" అని వేస్తుంది. హైదరాబాద్‌లో చెరువులు, ప్రభుత్వ స్థలాల రక్షణకు పెట్టిన సంస్థ హైడ్రా పని మొదలుపెట్టాక ఒకే బుల్డోజర్ విజువల్ మీద ఒకచోట "కూల్చివేతలు", ఇంకోచోట "ఆక్రమణల తొలగింపు" కనబడేవి. "లాఠీచార్జి జరిగింది"లో కొట్టినవాడు లేడు, "పోలీసులు చితకబాదారు"లో ఉన్నాడు. ఎటూ లేనివి, పైకెత్తేవి, తక్కువచేసేవి అని మూడు వరసల పట్టిక వేసి, ఏ పక్షానికి ఏ రకం క్రియలు ఎన్ని అన్నది లెక్కపెట్టుకోండి.

చివరిగా "గారు". యాంకర్ ఎవరి పేరు తర్వాత గారు అన్నారు, ఎవరిని ఇంటిపేరుతో సరిపెట్టారు, ఎవరి విషయంలో "అన్నాడు", "చేశాడు"కు దిగారు అన్నది పిల్లవాడు కూడా లెక్కపెట్టగలడు. ఛానెల్ వాళ్ళు కూడా కాదనలేరు. పత్రికల హెడ్డింగుల్లో గారు ఎవరికీ ఉండదు కాబట్టి అక్కడ ఈ లెక్క చెల్లదు, నోటిమాటకు మాత్రమే.

సమానమే న్యాయమా

అంకెలు వచ్చాక దేనితో పోల్చాలన్నది తేలాలి. సగం సగం అన్నది అన్నిచోట్లా సరైన కొలబద్ద కాదు. 2024లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175లో 11 సీట్లు వచ్చాయి, ఆరు శాతం పైచిలుకు. ఓట్లు మాత్రం సుమారు 39 శాతం. సీట్లు కొలబద్ద అయితే గంటకు నాలుగు నిమిషాలు చాలు, ఓట్లయితే ఇరవై మూడు కావాలి. మీరు ఏ కొలబద్ద వాడారో మొదటి పేజీలోనే రాయండి, అంకెలు చూశాక మార్చకండి.

దూరదర్శన్, ఆకాశవాణిలకు ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతి ఒక మంచి నమూనా. 1998 నుంచి గుర్తింపు ఉన్న పార్టీలకు ఉచిత సమయం ఇస్తున్నారు. అసెంబ్లీ ఎన్నికల్లో ముందు ప్రతి పార్టీకీ సమానంగా 45 నిమిషాలు, ఆపైన గత ఎన్నికల్లో తెచ్చుకున్నదాన్ని బట్టి అదనం, ఒక్క విడతలో 15 నిమిషాలకు మించకుండా. ఎవరు ఎప్పుడన్నది లాటరీ తీసి తేలుస్తారు. ప్రైవేటు ఛానెళ్ళకు ఇలాంటి నిమిషాల నియమం లేదు గానీ, ఇదే సూత్రాన్ని మీ పట్టికకు వాడుకోవచ్చు.

అధికారంలో ఉన్నవాణ్ణి ఎక్కువ నిలదీస్తే అది మొగ్గు కాదు, యాంకర్ పనే అది. మరి నిలదీత అధికార కుర్చీని బట్టా, పార్టీని బట్టా? దీన్ని తేల్చడానికి తెలుగువాళ్ళకు ఒక మంచి వెసులుబాటు ఉంది. ఒకే భాషలో ఒకే ఛానెల్ రెండు ప్రభుత్వాల్ని చూస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 7న, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్ 12న ప్రభుత్వాలు మారాయి. అదే కార్యక్రమంవి మార్పుకు ముందు ఐదు, తర్వాత ఐదు ఎపిసోడ్లు తీసి, నిలదీసే ప్రశ్నలు, ఖండనలు పక్కపక్కన పెట్టండి. ప్రభుత్వం మారగానే నిలదీత కొత్తవాళ్ళ మీదికి మళ్ళితే ఆ ఛానెల్ కుర్చీని ప్రశ్నిస్తోంది. కుర్చీ మారినా నిలదీత పాత పార్టీని వెంబడిస్తూనే ఉంటే, ఇక మీరు వేరే రుజువు వెతకనక్కర్లేదు.

ఇంకొకరి చేత కొలిపించడం

పదింటిలో రెండు ఎపిసోడ్లను ఇంకొకరికి ఇవ్వండి. మీ పట్టిక చూపించకుండా, నియమాలు మాత్రం ఇచ్చి. ఆ మనిషి మీకు నచ్చని పార్టీ అభిమాని అయితే మరీ మంచిది. ప్రతి ఇంట్లోనూ అలాంటి బావమరిది ఒకడుంటాడు. ఇద్దరూ గుర్తించిన అడ్డుల్ని పక్కపక్కన పెట్టి, యాభైలో నలభై ఒక్కటికి ఒకే అక్షరం వేశారంటే 82 శాతం కుదిరినట్టు. ఎనభై దాటితే పట్టిక నిలబడుతుంది. అరవైలో ఉంటే మీలో ఒకరు అబద్ధాలాడుతున్నారని కాదు, నియమం సరిగా రాయలేదని. ఎక్కువగా తేడా వచ్చేది "వి", "ఖ"ల మధ్యే. ఆ రెంటికీ మూడేసి ఉదాహరణలు రాసి మళ్ళీ కొలవండి.

పదిలో ఎన్ని ఒకవైపు మొగ్గితే మాట అనొచ్చు? నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడో, అంతకన్నా ఎక్కువో ఒకే వైపు పడటం మూడింట ఒకసారి జరుగుతుంది. కాబట్టి ఏడుతో తీర్పు చెప్పకండి, ఇంకో పది ఎపిసోడ్లు చూడండి. తొమ్మిదో పదో ఒకే వైపుంటే, అది కాకతాళీయంగా జరగడం వందలో రెండుసార్లే.

లెక్క చేతికొచ్చాక

రాసేటప్పుడు "ఈ పది ఎపిసోడ్లలో" అన్న మాట వదలకండి. తేదీలు, లింకులు, నియమాలు, పట్టిక అన్నీ పెట్టండి. "అమ్ముడుపోయారు", "ప్యాకేజీ తీసుకున్నారు" అన్నవి మీ పట్టికలో లేని సంగతులు, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసుకు దారి తీసేవి కూడా.

మొగ్గు మీద ఫిర్యాదు నిలవడం కష్టం. తప్పుడు సమాచారం, మతాల మధ్య చిచ్చు, జవాబుకు చోటివ్వని ఆరోపణ లాంటి నిర్దిష్టమైన అంశం పట్టుకుంటేనే కదులుతుంది. ముందు ఛానెల్‌కే రాయాలి. న్యూస్ బ్రాడ్‌కాస్టర్స్ అండ్ డిజిటల్ అసోసియేషన్‌లో సభ్యత్వం ఉన్న ఛానెల్ అయితే ప్రసారమైన ఏడు రోజుల్లోగా రాయండి, జవాబు నచ్చకపోతే ఆ సంస్థ ప్రమాణాల అథారిటీకి వెళ్ళొచ్చు. సభ్యత్వం ఉందో లేదో ముందు చూసుకోండి, లేని ఛానెల్ మీద అక్కడికి రాస్తే కాగితం వృథా. 2021లో సవరించిన కేబుల్ టీవీ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు ఛానెల్ 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఎన్నికల వేళ డబ్బిచ్చి వేయించిన వార్త అనిపిస్తే దారి వేరు, జిల్లా కలెక్టర్ దగ్గర ఉండే మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీకి ఇవ్వాలి.

ఫిర్యాదులో కార్యక్రమం పేరు, తేదీ, వీడియోలో నిమిషం, సెకను, అన్న మాట అక్షరాలా, దానికి కావలసిన దిద్దుబాటు ఏమిటన్నది ఉండాలి. ఒక పేజీ దాటొద్దు. మీ పది ఎపిసోడ్ల పట్టికను జతచేయండి గానీ ఫిర్యాదును దాని మీద నిలబెట్టకండి. ఛానెళ్ళు తమ ప్రసారాల రికార్డును 90 రోజులే దాచాల్సి ఉంటుంది. యూట్యూబ్ లింకు ఏ రాత్రయినా ప్రైవేటు అయిపోవచ్చు. అందుకని కావలసిన చోట్లను కొలిచిన రోజే స్క్రీన్ రికార్డింగ్ చేసి, ఫైలు పేరులో తేదీ, నిమిషం పెట్టి, ఫోనులో కాకుండా ఇంకెక్కడైనా ఒక ప్రతి ఉంచుకోండి.